పదహారేళ్ల చేతుల్లో పాత కారు

మూలనపడిన కారును విప్పి, కడిగి, చెడిన భాగాలను బాగుచేసి లేదా మార్చి, మళ్లీ రోడ్డు మీద నమ్మకంగా నడిచే స్థితికి తేవడాన్ని పునరుద్ధరణ అంటారు. అమెరికాలో, ఐరోపాలో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఈ పనిని సెలవుల్లో ఇష్టంగా చేపట్టడం మామూలే కాగా, తెలుగు ప్రాంతాల్లో ఆ వయసు కుర్రవాడు కారు కింద కనిపిస్తే అతడు చాలావరకు కుటుంబ అవసరం కోసం మెకానిక్ షెడ్డులో పనికి కుదిరినవాడై ఉంటాడు. చదువుకునే పిల్లల చేతులకు గ్రీజు అంటకూడదన్న పట్టింపు ఒకవైపు, షెడ్డులో పనిచేసే పిల్లలకు పుస్తకం అక్కరలేదన్న నిర్లక్ష్యం మరొకవైపు బలంగా ఉండటం వల్ల, యంత్రాన్ని చేతితోనూ బుద్ధితోనూ ఒకేసారి నేర్చుకునే అవకాశం రెండు వర్గాల పిల్లలకూ దొరకకుండా పోతోంది. పాత కారు ఆ అవకాశాన్ని తక్కువ ఖర్చుతో అందించగలదు కాబట్టే ఈ విషయం సరదా కబురుగా కాక చదువుకు సంబంధించిన విషయంగా చర్చకు రావాలి.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ ఇందుకు అనువైన ఊరు. రాజరాజేశ్వరస్వామి దర్శనానికి ఉత్తర తెలంగాణ నలుమూలల నుంచీ ఏడాది పొడవునా, మహాశివరాత్రికీ మేడారం జాతరకు ముందూ మరింత పెద్ద సంఖ్యలో జనం తరలివచ్చే పట్టణం కావడంతో, కార్లు, జీపులు, ఆటోలు బాగుచేసే పని ఇక్కడ నిత్యం ఉండేదే. పక్కనున్న సిరిసిల్ల మరమగ్గాల పట్టణం కనుక లేత్ పని, వెల్డింగు, బేరింగుల పని తెలిసినవారికి అక్కడ కొదవ లేదు. సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని కరీంనగర్ వెళితే ఇంజన్ బోరింగ్ మొదలు పెయింటింగ్ దాకా అన్ని పనులూ జరుగుతాయి. పాత బండి బాగుపడటానికి పెద్ద కర్మాగారం అక్కరలేదు; చేయి తిరిగిన ఇలాంటి మనుషులు అందుబాటులో ఉంటే చాలు.

చిన్న వయసులో యంత్రాన్ని విప్పి నేర్చుకున్న తెలుగువారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు జి.డి. నాయుడు. కోయంబత్తూరు దగ్గరి కళంగల్ గ్రామంలో తెలుగు రైతు కుటుంబంలో 1893లో పుట్టిన ఆయన, బడి చదువు మీద మనసు నిలవని యువకుడిగా ఉన్న రోజుల్లో ఒక ఆంగ్లేయ అధికారి నడుపుతున్న రడ్జ్ మోటార్‌సైకిల్‌ను చూసి, దాని సంగతేమిటో తేల్చుకోవాలన్న పట్టుదలతో కోయంబత్తూరు చేరి, హోటల్లో సర్వరుగా పనిచేస్తూ కూడబెట్టిన డబ్బులో 300 రూపాయలు పెట్టి ఆ బండిని కొన్నారని ఆయన జీవితకథలు చెబుతాయి. కొన్న బండిని విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం ద్వారా ఆయన మెకానిక్ అయ్యారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సుతో మొదలైన ఆయన రవాణా వ్యాపారం తర్వాత యూఎంఎస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది, 1937లో డి. బాలసుందరంతో కలిసి దేశంలోనే తొలి విద్యుత్ మోటారును తయారుచేసిన ఘనత కూడా ఆయనదే. 1945లో కోయంబత్తూరులో మొదలైన ఆర్థర్ హోప్ ఇంజనీరింగ్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు, విద్యార్థుల కాలం తరగతి గదుల్లో అనవసరంగా ఖర్చవుతోందని, ఆ చదువును ఇంకా తక్కువ కాలంలో ముగించవచ్చని వాదించి, ఆ మాట నెగ్గకపోవడంతో ఆ పదవినే వదులుకున్నారు. కోయంబత్తూరులో 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియంలో కారు సాంకేతికత ఏ దశలో ఎలా మారిందో తెలిపే బండ్లను ఈనాటి పిల్లలు దగ్గరగా చూడవచ్చు.

హైదరాబాద్‌లో కన్యబోయిన సుధాకర్ కథ వేరే రకానిది. బడి రోజుల్లోనే పాత ఇనుప సామాను పోగుచేసి బండ్లు తయారుచేయడం అలవాటు చేసుకున్న ఆయన, వంకాయ, బూటు, కెమెరా, క్రికెట్ బంతి వంటి ఆకారాల్లో నిజంగా నడిచే కార్లను నిర్మించి, 2010లో బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం తెరిచారు. 2005 జులై 1న హైదరాబాద్ వీధిలో ఆయన తొక్కి చూపిన భారీ మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆయన చేసేది పునరుద్ధరణ కాదు, కొత్త నిర్మాణం. అయినా పాత ఇనుములో పనికొచ్చే భాగాన్ని గుర్తుపట్టే చూపు రెండింటికీ ఒకటే, ఆ చూపు పదిహేనేళ్లకు అలవడినంత సులువుగా ముప్పై ఏళ్లకు అలవడదు.

ఇక ఏ కారు ఎంచుకోవాలన్నది మొదటి ప్రశ్న. మన దగ్గర దొరికే పాత కార్లలో మూడు ముఖ్యమైనవి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారుచేసిన అంబాసిడర్, ఇంగ్లండ్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు ఆధారంగా వచ్చింది. చాలాకాలం దానిలో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజన్. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ ఫియట్ 1100 ఆధారంగా చేసిన కారుకు 1974 నుంచి పద్మిని అన్న పేరు వచ్చింది. దాని ఇంజన్ 1089 సీసీ. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800లో మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్ ఉంటుంది. సీసీ అంటే సిలిండర్ల లోపల పిస్టన్లు కదిలే ఖాళీ మొత్తం ఎన్ని ఘన సెంటీమీటర్లో తెలిపే లెక్క.

నేర్చుకునే పిల్లవాడికి ఈ మూడింటిలో అంబాసిడరే ఉత్తమ గురువు. బానెట్ ఎత్తితే ఇంజన్ చుట్టూ చేయి పట్టేంత చోటు, కంటికి కనిపించే కార్బొరేటర్, కంప్యూటర్ ప్రమేయం లేని వైరింగు, వెనుక చక్రాలపై కమాన్ కట్టలు, వీటన్నింటి వల్ల ఏ భాగం ఏ పని చేస్తుందో చూసి అర్థం చేసుకోవచ్చు. అయితే ఖర్చు, విడిభాగాల లభ్యత లెక్క చూస్తే తొలి ప్రయత్నానికి కార్బొరేటర్ ఉన్న పాత మారుతి 800 మేలు. దాని సామాను ఇప్పటికీ చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతుంది, ఇంజన్ తేలికైనది కాబట్టి దింపడం కష్టం కాదు. పద్మిని అందమైన బండే అయినా దాని అద్దాలు, లైట్ల రింగులు, తలుపుల బీడింగుల కోసం హైదరాబాద్‌లోని జాంబాగ్, పుత్లీబౌలి దుకాణాలు మొదలు చెన్నైలోని పుదుపేట, ఢిల్లీలోని కశ్మీరీ గేట్ దాకా వెతకడానికి సిద్ధపడాలి.

బండి నచ్చిన తర్వాత, డబ్బు చేతులు మారకముందు, చూడవలసింది కాగితాలు. ఇంజన్ పాడైన కారు బాగుపడుతుంది కానీ కాగితాలు లేని కారు చట్టం దృష్టిలో ఇనుము మాత్రమే. సొంత వాడకపు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ పొడిగింపు రుసుమును కేంద్రం 2025లో 10,000 రూపాయలకు పెంచింది, గడువు దాటిన ప్రతి నెలకూ అదనపు రుసుము కూడా ఉంటుంది. ఢిల్లీ పరిసరాల్లో పాత బండ్లపై ఉన్న వయసు ఆంక్షలు తెలంగాణకు వర్తించవు. ఏపీ 15 నంబరుతో ఉన్న కరీంనగర్ జిల్లా పాత కారైనా, టీఎస్ 23 నంబరుతో ఉన్న సిరిసిల్ల కారైనా, ఆర్‌సీ మీది ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీది అంకెలతో అక్షరం తప్పకుండా సరిపోవాలి. అంబాసిడర్లలో అసలు పెట్రోలు ఇంజన్ తీసి వేరే డీజిల్ ఇంజన్ బిగించినవి తక్కువేమీ కావు. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కకపోతే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం అది తప్పు. అసలు యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరిట మార్పించిన తర్వాతే కొనాలి. మైనర్ బాలుడి పేరిట కాక తల్లి లేదా తండ్రి పేరిట బండిని నమోదు చేయించడం అన్ని విధాలా క్షేమం.

50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండ్ల కోసం 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు వింటేజ్ వాహనాల విభాగాన్ని చేర్చారు. తొలి నమోదుకు 20,000 రూపాయలు, తర్వాతి పొడిగింపుకు 5,000 రూపాయలు రుసుముగా తీసుకుని, వీఏ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు నడపవచ్చు గానీ రోజువారీ తిరుగుడుకూ వ్యాపారానికీ వాడకూడదు. పాత అంబాసిడర్లు, తొలినాటి పద్మినులు ఈ వయసును అందుకున్నాయి, మొట్టమొదటి మారుతి 800కైనా ఆ అర్హత 2033 చివరకు గానీ రాదు.

ఏళ్లుగా కదలని కారు ఇంటికి చేరగానే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టాలనిపిస్తుంది. ఎక్కువ ఇంజన్లు పాడయ్యేది ఆ తొందరలోనే. సిలిండర్ లోపలి గోడలపై నూనె ఆరిపోయి, పిస్టన్ రింగులు చిలుముతో అతుక్కుని ఉంటే, బలవంతంగా తిప్పినప్పుడు రింగులు విరిగి గోడలు గీరుకుపోతాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల ద్వారా పల్చని నూనె వేసి కొన్ని రోజులు నాననిచ్చి, ఇంజన్ ముందు భాగంలోని పెద్ద నట్టుకు పానా పెట్టి చేత్తో మెల్లగా తిప్పి చూడటం సరైన పద్ధతి. ఇంజన్ తిరిగితే కంప్రెషన్ మీటరుతో ప్రతి సిలిండర్‌లో ఒత్తిడి కొలవాలి; గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ ఎంత గట్టిగా నొక్కగలుగుతోందో ఆ అంకె చెబుతుంది. ఒక సిలిండర్‌లో ఒత్తిడి మిగతావాటికన్నా బాగా తక్కువ వస్తే అదే రంధ్రంలో కొంచెం ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ కొలవాలి. అప్పుడు అంకె పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో లేదా హెడ్ గ్యాస్కెట్‌లో ఉందని గ్రహించవచ్చు. ఇంజన్ దింపకుండానే రోగం తేల్చే ఈ పరీక్షను నేర్చుకున్న విద్యార్థికి భౌతికశాస్త్ర పుస్తకంలోని పీడనం పాఠం ఇక మరపుకు రాదు.

పెట్రోలు విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. అంతకుముందు పెట్రోలులో కలిపిన సీసం మండినప్పుడు వాల్వు కూర్చునే చోట పలుచని పూతగా ఏర్పడి ఆ లోహాన్ని కాపాడేది. ఆ రక్షణ లేకపోవడంతో చాలా పాత ఇంజన్లలో వాల్వు సీట్లు క్రమంగా అరిగి లోపలికి దిగిపోతాయి. హెడ్ విప్పినప్పుడే లేత్ షాపులో గట్టి లోహపు సీట్లు కొట్టించుకుంటే ఆ బాధ శాశ్వతంగా తప్పుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుని ట్యాంకు అడుగున చిలుము పట్టిస్తుంది, పాత రకం రబ్బరు గొట్టాలను, కార్బొరేటర్‌లోని వాషర్లను మెత్తబరిచి చెడగొడుతుంది. కాబట్టి పెట్రోలు పైపులన్నింటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చడం, బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయడం తప్పనిసరి. పెట్రోలు కారిన చోట నిప్పు రవ్వ చాలు గనుక ఈ ఒక్క పనిని రేపటికి వాయిదా వేయకూడదు.

అసలు శత్రువు చిలుము. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిసి చేసే ఈ నష్టం సముద్ర తీరంతో పోలిస్తే కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పొడి వాతావరణంలో తక్కువే అయినా, చెట్టు కింద వానకు తడుస్తూ నిలిచిన కారులో కాళ్ల కింది రేకు, తలుపుల కింది అంచులు, డిక్కీ అడుగును చిలుము ముందుగా తింటుంది. ఈ మూడు కార్లలోనూ లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ చట్రం ఉండదు. రేకుల శరీరమే మొత్తం బరువును మోస్తుంది. కనుక అడుగు రేకు చిల్లిపడటమంటే ఇంటి పునాది దెబ్బతినడమే. అలాంటి చిల్లిపై లప్పం మెత్తి రంగు వేసి అమ్మేవారు ఎక్కడైనా ఉంటారు. కొనేటప్పుడు అయస్కాంతం ఆనించి చూస్తే రేకు ఉన్నచోట అంటుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. చిలుము తిన్న భాగాన్ని మంచి రేకు తేలేదాకా కోసివేసి, అదే మందం గల కొత్త రేకును వెల్డింగు చేయించి, దానిపై జింకు లేదా ఎపాక్సీ ప్రైమర్ పట్టించిన తర్వాతే లప్పానికి చోటుండాలి, అదీ పలుచగా.

చిన్న ఇనుప భాగాల చిలుమును తొలగించే పద్ధతి ఒకటి పదో తరగతి రసాయనశాస్త్రంలోని విద్యుద్విశ్లేషణే. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి చాకలి సోడా కలిపి, బ్యాటరీ ఛార్జర్ రుణ ధ్రువాన్ని శుభ్రపరచవలసిన భాగానికీ, ధన ధ్రువాన్ని పనికిరాని ఇనుప ముక్కకూ తగిలించి నీటిలో ముంచితే, కొన్ని గంటల్లో చిలుము వదిలిపోయి అసలు లోహం అరగకుండా మిగులుతుంది. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు, ఎందుకంటే దానిలోని క్రోమియం విషపూరిత రూపంలో నీటిలోకి దిగుతుంది. ఈ చర్యలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక పనిని ఆరుబయటే చేయాలి. ఉప్పు వాడితే క్లోరిన్ పుడుతుంది కాబట్టి దాని జోలికి పోకూడదు.

బ్రేకులు మాత్రం పిల్లలు ఒంటరిగా ముగించదగిన పని కాదు. మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గరి వీల్ సిలిండర్లు, రబ్బరు పైపులు అన్నీ మార్చి, అనుభవం గల మెకానిక్ చేత పరీక్ష చేయించాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత ప్రాణాంతక రోగాలు వస్తాయి కనుక డ్రమ్ములను గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందకు ఎవరూ ఏ కారణంతోనూ దూరకూడదు. ఇటుకలు పగులుతాయి కాబట్టి ఇనుప స్టాండ్లు గానీ వెడల్పైన గట్టి చెక్క దిమ్మెలు గానీ పెట్టాలి. ఇప్పటి కార్ల రంగుల్లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. ఆఖరి రంగు పనిని తగిన ఏర్పాట్లున్న పెయింటర్‌కు అప్పగించి, అంతకుముందు నెలల పాటు జరిగే ఎమ్రీ కాగితం పనిని పిల్లలు చేయడమే మంచి విభజన.

ఎంత మేరకు కొత్తదిగా చేయాలన్న ప్రశ్నకు ప్రపంచంలో ఆలోచనాపరులు ఇచ్చిన జవాబు గమనించదగినది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన టూరిన్ చార్టర్, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటానికే మొదటి స్థానం ఇచ్చి, అవసరమైనచోట మరమ్మతును, అదీ చాలనప్పుడే పూర్తి పునరుద్ధరణను సమర్థించింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్న నిజాముల పసుపు పచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ వంటి బండికి నిపుణుల చేత సమగ్ర పునరుద్ధరణ న్యాయమే. ఊళ్లో ఒక కుటుంబం వాడిన అంబాసిడర్‌కు మాత్రం నిగనిగలాడే రంగు, అలాయ్ చక్రాలు, పెద్ద స్పీకర్ల కన్నా, అరిగిన స్టీరింగును, అసలు మీటర్లను, తయారీ నాటి సీటు గుడ్డ మిగిలి ఉంటే దాన్నీ నిలుపుకోవడమే గౌరవం. నమ్మకంగా నడిచి, నమ్మకంగా ఆగే కారు తయారైతే పదిహేడేళ్ల పిల్లవాడి పని నెగ్గినట్టే.

ఈ విద్య పుస్తకాల్లో కొద్దిగా, పాత మెకానిక్కుల చేతుల్లో ఎక్కువగా ఉంది. కార్బొరేటర్ శబ్దం విని మిశ్రమం సరిచేయగల, కాంటాక్ట్ పాయింట్ల ఎడం కంటితో అంచనా కట్టగల ఉస్తాదులు వయసు మీరుతున్నారు. కంప్యూటర్ స్కానర్‌తో పనిచేసే కొత్త తరానికి ఆ నేర్పు అవసరం పడటం లేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని, పద్దెనిమిదేళ్లలోపు వారిని ప్రమాదకర పనుల్లో పెట్టడాన్ని చట్టం నిషేధించింది, అది సరైనదే. కూలి కోసం చదువు మాన్పించడం వేరు, చదువుతూనే పెద్దల పర్యవేక్షణలో నేర్చుకోవడం వేరు. పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు ఉంది. ఆ శిక్షణలో ఒక పాత కారును మొదటి నుంచి చివరి దాకా బాగుచేయించి, ఆ పనికి ఉస్తాదులను గౌరవ వేతనంతో పిలిస్తే రెండు తరాలకూ మేలు.

కారు సిద్ధమైన రోజు తాళం చెవి ఎవరి చేతిలో ఉండాలన్నది తల్లిదండ్రులు ముందే తేల్చుకోవాలి. కారు నడపడానికి కనీస వయసు 18 ఏళ్లు. మైనర్ నడుపుతూ నేరానికి పాల్పడితే 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ కింద సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. కాబట్టి తొలిసారి రోడ్డు మీద నడిపి చూసే పని లైసెన్సు ఉన్న పెద్దవారిదే, పక్క సీట్లో కూర్చుని ఏ శబ్దం ఎక్కడినుంచి వస్తోందో రాసుకునే పని ఆ కారును బాగుచేసిన పిల్లవాడిది.